కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ అప్‌డౌన్: బండ్లను ఎంతవరకు నమ్మొచ్చు?

చెల్లె, నువ్వు అడిగింది ఇది. ఇల్లు హన్మకొండ నక్కలగుట్టలో. ఉద్యోగం నాచారంలో ఒక ల్యాబ్‌లో. పొద్దున పదింటికల్లా వేలిముద్ర పెట్టాలె. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటది కాబట్టి హాస్టల్‌లో ఉండలేను, రోజూ రైలుకు పోయి రావొచ్చా, బండ్లు టైంకు నడుస్తయా, ఆడపిల్ల ఒక్కతే తిరగొచ్చా అన్నవ్. ఒకరు మస్తు ఈజీ అన్నరట, ఇంకొకరు ఆరోగ్యం ఖరాబ్ అయితది అన్నరట. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు ఏ బండికి తిరిగిండ్రో, ఏ దిక్కుకు తిరిగిండ్రో దాన్నిబట్టి ఆ మాటలు.

నేను కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు చాలా ఏండ్లు పాస్ మీద తిరిగిన. మధ్యలో కొన్నేండ్లు ఉల్టా కూడా చేసిన: సికింద్రాబాద్‌లో కాపురం, జనగామలో పని. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్న. రెండు దిక్కుల తిరిగినందుకు అర్థమైంది ఏందంటే, పొద్దున్నే హైదరాబాద్ పోయేటోళ్ల కష్టం వేరు, హైదరాబాద్ నుంచి ఇటు వచ్చేటోళ్ల కష్టం వేరు. బండి టైంకు వస్తదా లేదా అని లెక్కేసే ముందు, అది ఎక్కడ మొదలైందో చూడాలె. మిగిలినవన్నీ దాని తర్వాతే.

ఎట్లంటే, పొద్దున కాజీపేట మీదుగ సికింద్రాబాద్ పోయే బండ్లల్ల సగానికి ఎక్కువ రాత్రంతా నడిచి వచ్చేవే. ఒకటి చెన్నై దిక్కు నుంచి, ఒకటి వైజాగ్ దిక్కు నుంచి, ఒకటి ఢిల్లీ నుంచి. ఎక్కడో నెల్లూరు దగ్గర అరగంట పోతే అది కాజీపేట వచ్చేసరికి అరగంటగానే ఉంటదని గ్యారంటీ లేదు. ఒక్కసారి తన టైం తప్పిన బండికి దారి ఇయ్యరు. టైంకు నడిచే బండిని ముందు పంపి దీన్ని పక్కన పెడతరు, అట్ల అరగంట కాస్తా గంట అయితది. ఇగ అదే కాజీపేటలోనో వరంగల్‌లోనో మొదలయ్యే పుష్‌పుల్ (ప్రతి ఊర్ల ఆగే ప్యాసింజర్ బండి) అయితే, బయల్దేరుడు మాత్రం టైంకే బయల్దేరుతది. కాగజ్‌నగర్ నుంచి వచ్చే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఈ రెండింటికీ నడుమ. తెల్లారకముందు అక్కడ మొదలై మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట జనాన్ని ఎక్కించుకొని వస్తది. ఊరి బండే, కానీ వచ్చే లైన్ బొగ్గు బండ్లతో నిండి ఉంటది కాబట్టి పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ అనుకోవాలె.

సాయంత్రం సంగతి తిరగబడతది. హైదరాబాద్ నుంచి మనదిక్కు వచ్చే శాతవాహన, గోదావరి, చార్మినార్, భాగ్యనగర్ అన్నీ అక్కడే మొదలయ్యే బండ్లు. మొదటి అడుగు టైంకు పడుద్ది కాబట్టి కాజీపేట దాకా పెద్దగా చెడగొట్టుకోవు. వచ్చిన బండినే కడిగి తిప్పి పంపే రోజు మాత్రం "రేక్ రాలే" అంటరు, అంటే డబ్బాల వరుస ఇంకా రాలేదని, అది వేరే సంగతి. అంటే నీకు పొద్దున గండం, సాయంత్రం కొంత నయం. నేను జనగామలో పనిచేసినప్పుడు సరిగ్గా దీనికి ఉల్టా: పొద్దున హాయిగా పోయి, సాయంత్రం జనగామ ప్లాట్‌ఫాం మీద తిరుపతి నుంచి, విజయవాడ నుంచి రావాల్సిన బండి కోసం కూసునుడు. నీకు మస్తు ఈజీ అని చెప్పినాయన ఏ దిక్కుకు తిరుగుతడో అడిగి చూడు.

ఇగ లైన్ సంగతి. కాజీపేటకు రెండు దిక్కుల నుంచి బండ్లు వస్తయి: బల్లార్ష దిక్కు నుంచి ఢిల్లీ, నాగ్‌పూర్ బండ్లు, విజయవాడ దిక్కు నుంచి ఆంధ్ర, చెన్నై, భువనేశ్వర్ బండ్లు. హైదరాబాద్ పోయేవన్నీ కాజీపేటలో ఒక్క గరాటులో పడ్డట్టు ఒకే జంట లైన్ మీదికి వస్తయి. బల్లార్ష దిక్కు, విజయవాడ దిక్కు మూడో లైన్ పనులు నడిచినయి గానీ, కాజీపేట నుంచి ఘట్‌కేసర్ వరకు మనకు ఉన్నవి రెండే లైన్లు, పోను ఒకటి, రాను ఒకటి. దానికి తోడు బీబీనగర్‌లో నడికుడి మీదుగ వచ్చే గుంటూరు లైన్ కూడా ఇందులోనే కలుస్తది. ఘట్‌కేసర్ దాటితే మౌలాలి వరకు నాలుగు లైన్లు. ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ రైళ్లు) రెండో దశలో వేసిండ్రు, 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ మొదలైంది. అక్కడ కొంత ఊపిరి ఆడుద్ది.

2022 సెప్టెంబర్‌లో ఈ లైన్ మీద వేగం గంటకు 130 కిలోమీటర్లకు పెంచిండ్రు. పేపర్లో చదివినోళ్లు ఇగ గంటన్నరలో సికింద్రాబాద్ అనుకున్నరు. నాన్‌స్టాప్ బండికి ఆ లెక్క నిజమే. పెండ్యాల, ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, పెంబర్తి, ఆలేరు, వంగపల్లి అని ప్రతి ఊరికి ఆగే పుష్‌పుల్‌కు మాత్రం ఆ వేగం అందుకునేలోపే మళ్ల బ్రేక్ వేయాల్సి వస్తది. పైగా వెనక నుంచి వేగం బండి వస్తున్నదంటే పుష్‌పుల్‌నే లూప్‌లో, అంటే స్టేషన్ పక్క లైన్‌లో పెడతరు. జనగామలోనో ఆలేరులోనో బండి ఆగి, ప్లాట్‌ఫాం మీద దిగేటోళ్లు దిగినంక కూడా కదలకుంటే, ఇవతలి లైన్ దిక్కు చూడు. రెండు మూడు నిమిషాలల్ల ఏదో ఒకటి దుమ్ము లేపుకుంట పోతది. రెండు పోయినయంటే ఆ రోజు నీ వేలిముద్ర పాయె.

ఇంకో కిటుకు చెప్త, ఇది కొత్తోళ్లకు తెల్వది. టైంటేబుల్ వేసేటోళ్లు చివరి స్టేషన్‌కు ముందు కొంత టైం ఎక్కువ పెడతరు, దారిలో పోయిన నిమిషాలు అక్కడ పూడ్చుకోవాలని. అందుకని భువనగిరిలో ఇరవై నిమిషాలు లేటున్న బండి సికింద్రాబాద్‌లో రైట్ టైం అని బోర్డ్ మీద కనబడుద్ది. లెక్కల్ల అది టైంకు చేరిన బండే. కానీ జనగామలో దాని కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డ మనిషికి, ఆ లెక్క ఏ మూలకూ పనికిరాదు. యాప్‌లో ఒక బండి చరిత్ర చూసేటప్పుడు సికింద్రాబాద్ ఎన్నింటికి చేరిందో చూడకు. కాజీపేటకు ఎన్నింటికి వచ్చింది, నువ్వు దిగే స్టేషన్‌కు ఎన్నింటికి చేరింది, ఆ రెండే చూడు. ఆదివారం లెక్క తీసుకోకు. సోమవారం పొద్దున, పండుగ తెల్లారి లెక్క తీసుకో.

మౌలాలి ఔటర్ గురించి చెప్పకుంటే ఈ సమాధానం పూర్తి కాదు. సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ లేదంటే బండిని స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర ముందే ఆపుతరు, దాన్నే ఔటర్ అంటరు. ఎదురుంగ లాలాగూడ దిక్కు బిల్డింగులు కనబడుతుంటయి, టైం తొమ్మిదిన్నర దాటుద్ది, ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, బండి కదలదు. మొదటి ఐదు నిమిషాలు అందరూ ఫోన్లు చూస్తరు. తర్వాత ఒకాయన డోర్ దగ్గరికి పోయి తొంగి చూసి, బ్యాగు మెడలేసుకొని కంకర మీదికి దుంకుతడు. ఆయన వెనక ముగ్గురు. ఇంకో నిమిషానికి చీరె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని ఒకామె కూడా మెట్టు మీది నుంచి కాలు కిందికి చాపుద్ది, భూమి అందదు. పక్క లైన్ మీద బండి ఏ దిక్కు నుంచి వస్తదో డోర్‌లో నిలబడ్డోళ్లకు సగమే కనబడుద్ది. నువ్వు మాత్రం దిగకు. పట్టాల మీద నడిచినందుకు రైల్వే చట్టం 147 సెక్షన్ కింద 1,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టు, ప్రాణం సంగతి చెప్తున్న.

నీ అదృష్టం ఏందంటే నీది నాచారం. సికింద్రాబాద్ దాకా పోయే పనే లేదు. పుష్‌పుల్‌లో పోతే మౌలాలిలోనో చర్లపల్లిలోనో దిగి ఆటో పట్టుకోవచ్చు, ఔటర్ బాధ చాలావరకు తప్పుద్ది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైనంక, సికింద్రాబాద్ స్టేషన్ కొత్తగ కడుతున్నందుకు కూడా, కొన్ని బండ్లను అటు మార్చిండ్రు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేటోళ్లకు అది తలనొప్పి, నీకు లాభం. ఏ బండికి ఎక్కడ హాల్ట్ ఉందో మాత్రం మారుతుంటది, కాబట్టి నేను టైంలు, హాల్ట్‌లు ఇక్కడ రాస్తలేను. పోయే వారంలో నువ్వే చూసుకో. సిటీ అవతలి కొసన ఆఫీసు ఉన్నోళ్లు ఇదే ప్రశ్న అడిగితే నేను వద్దనే చెప్త. మూడు గంటల రైలు మీద ఇంకో గంటన్నర మెట్రో, బస్సు ఎవరి ఒళ్లూ ఓర్వదు.

ఎక్కే స్టేషన్ వరంగల్ కాదు, కాజీపేట పెట్టుకో. నక్కలగుట్టకు అదే దగ్గర, అది ఒక కారణం. రెండోది, భాగ్యనగర్ లాంటి కాగజ్‌నగర్ దిక్కు బండ్లు వరంగల్ రావు. కాజీపేటలో రెండు లైన్ల బండ్లూ దొరుకుతయి, ఒకటి పోతే ఇంకొకటి. 2025 మేలో వరంగల్ స్టేషన్‌ను కాకతీయ తోరణాల తీరుగ కొత్తగ చేసి తెరిచిండ్రు, చూడ ముచ్చటగ ఉంది, అందం చూసి అటు పోకు.

పాస్ గురించి. నెల పాస్, మూడు నెలల పాస్ రెండూ 150 కిలోమీటర్ల వరకే ఇస్తరు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు, లైన్‌లో నిలబడే పని లేదు. 2025 జూలైలో రైలు చార్జీలు పెంచినప్పుడు కూడా పాస్‌ను ముట్టలేదు. నెలకు వచ్చే ఖర్చు హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. కానీ పాస్ మీద ఏ బండైనా ఎక్కొచ్చు అనుకోకు. నంబర్ 17తో మొదలైతే మామూలు ఎక్స్‌ప్రెస్, 12తో మొదలైతే సూపర్‌ఫాస్ట్, దానికి వేరే సర్‌చార్జ్ కట్టాలె. స్లీపర్‌లో, డీ బోగీల్లో (రిజర్వేషన్ సీటింగ్ డబ్బాలు) పాస్ నడవదు. వందే భారత్‌లో అసలే నడవదు. అది కాజీపేటలో ఆగేదైనా, వరంగల్‌లో ఆగేదైనా టైంలు కూడా మన ఆఫీసులకు కలవవు, దాని ముచ్చట వదిలెయ్.

డీ బోగీ కొట్లాట నువ్వు తప్పకుండా చూస్తవ్. గుంటూరు నుంచో విజయవాడ నుంచో రిజర్వేషన్ చేసుకొని వస్తున్న కుటుంబం సీట్లల్ల, కాజీపేటలో పాస్‌వాళ్లు ఎక్కి "జర జరుగుండ్రి" అంటరు. ఏండ్ల నుంచి అదే సీట్ల కూసుంటున్న అని వాదించేటోళ్లను కూడా చూసిన. తప్పు మనోళ్లదే. డబ్బులు పెట్టి సీటు బుక్ చేసుకున్న మనిషిని లేపే హక్కు ఏ పాస్‌కూ లేదు. టీటీ ఊకున్న రోజు ఊకుంటడు, పట్టుకున్న రోజు ఫైన్ వేస్తడు. జనరల్ డబ్బాలు చాలా బండ్లకు ముందొకటి రెండు, వెనకొకటి రెండు ఉంటయి. కాజీపేటలో ఏ కొసన నిలబడాలో రెండు రోజులల్ల తెలిసిపోతది.

సీటు ముచ్చట పుష్‌పుల్‌లోనే నయం. కాజీపేటలో ఎక్కితే సీటు దొరుకుద్ది, ఘన్‌పూర్ దాకా ఒకరి మీద ఒకరు పడే పని ఉండదు. జనగామలో నిండుతది. ఆలేరు, భువనగిరిలో ఎక్కేటోళ్లు డోర్ల దగ్గరే. ఆడోళ్ల డబ్బా ఉన్న బండిలో దాంట్లనే ఎక్కు. మొగోళ్లు వచ్చి కూసుంటే 162 సెక్షన్ ఉంది, 139కు ఫోన్ చేయొచ్చు, కానీ నిజం చెప్పాలంటే ఫోన్ చేసే అవసరం తక్కువ. అందులో రోజూ తిరిగే టీచర్లు, నర్సులు, బట్టల షాపుల్ల పనిచేసే పిల్లలు లేచి నిలబడి "దిగు" అంటే ఎవడైనా దిగుతడు.

సాయంత్రం ఆ డబ్బా చూడాలె. బండి ఘట్‌కేసర్ దాటంగనే ఒకామె ఒళ్లో పేపర్ పరిచి గోరుచిక్కుడుకాయలు కుప్ప పోస్తది. ఎదురు సీటామె అడగకుండనే ఒక పిడికెడు తీసుకుంటది. కొస తుంచి, ఈనె లాగి, రెండు ముక్కలు చేసి కవర్‌లో వేసుడు. ఈనెలు మాత్రం కిటికీ బయట పడేయరు, పేపర్ మీదనే ఒక మూలకు నెడతరు, దిగేటప్పుడు పొట్లం కట్టి తీసుకపోతరు. జనగామ వచ్చేసరికి తెల్లారి కూర తయారు. ఎవరి కూతురికి సంబంధం చూసిండ్రు, ఎవరికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఏ బండి రేపు రద్దు అన్నీ అక్కడే తెలుస్తయి. బండ్ల రద్దు సంగతి యాప్‌కన్నా ముందు ఆ డబ్బా వాట్సాప్ గ్రూప్‌లో పడతది. మొదటి వారంలోనే ఎవరినైనా అడిగి ఆ గ్రూప్‌లో చేరు.

ఇబ్బంది ఏదంటే బాత్రూం. పొద్దున సికింద్రాబాద్ దిక్కు పోయేటప్పుడు నీళ్లు ఉంటయి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో చాలాసార్లు అయిపోతయి. బాత్రూం తలుపు దగ్గరే జనం నిలబడి ఉంటరు కాబట్టి పోయే మనసు కూడా కాదు. మా తరం ఆడోళ్లం ఈ భయానికి నీళ్లు తాగుడు బంద్ చేసినం. తర్వాత కిడ్నీ రాళ్లు, మూత్రం మంటలు అని డాక్టర్ల చుట్టూ తిరిగినోళ్లు నాకు తెలుసు. నువ్వట్ల చేయకు. నీళ్లు తాగు, బండి ఎక్కే ముందు కాజీపేట వెయిటింగ్ హాల్‌లో పోయిరా, దిగంగనే ఆఫీసులో పో.

బండి అసలే రాని రోజులు కూడా ఉంటయి. మూడో లైన్ కలిపేటప్పుడు సిగ్నల్ పనుల కోసం రోజుల తరబడి బండ్లు రద్దు చేసుడు ఈ దిక్కు మామూలే, అది ముందే చెప్తరు. చెప్పకుండ వచ్చేది వాన. 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం నడుమ కట్ట కొట్టుకపోయి పట్టాలు గాలిలో వేలాడినయి, విజయవాడ దిక్కు రాకపోకలు కొన్ని రోజులు ఆగినయి. అటువంటి రోజు కాజీపేటలోనే మొదలయ్యే బండి కొంత నయం. డిసెంబర్, జనవరిలో ఉత్తరాదిన మంచు పడితే ఢిల్లీ బండ్లను నమ్ముకోకు. నాలుగైదు గంటలు లేటు అనేది అప్పుడు వార్త కూడా కాదు.

అందుకే బస్సు లెక్క కూడా చేతిలో పెట్టుకో. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. హన్మకొండ నుంచి ఉప్పల్‌కు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పైసా ఖర్చు కాదు, ఆధార్ కార్డ్ చూపిస్తే చాలు. ఉప్పల్ నుంచి నాచారం పక్కనే. మరి రోజూ బస్సే ఎక్కొచ్చు కద అంటవ్. రద్దీ ఒకటి, సీటు దొరకకుంటే మూడు గంటలు నిలబడాలె. రెండోది నారపల్లి నుంచి ఉప్పల్ వరకు ఫ్లైఓవర్ పనులు ఏండ్లకేండ్లు నడిచి ఆ రోడ్డు పొద్దున పూట నరకం చేసినయి. నడుం నొప్పికి బస్సుకన్నా రైలే మంచిది, లేచి నాలుగడుగులు వేయొచ్చు. పుష్‌పుల్ తప్పిన రోజుకు బస్సు, మిగతా రోజులు రైలు.

ఇగ నా మాట. పదింటికి కచ్చితంగా వేలిముద్ర, ఐదు నిమిషాలు లేటైతే సగం రోజు జీతం కట్ అనే పద్ధతి ఉంటే, రోజూ అప్‌డౌన్ మీద ఉద్యోగం మొదలుపెట్టకు. ముందే మేనేజర్‌తో మాట్లాడు. పదిన్నరకు వచ్చి ఆరున్నర దాకా ఉంట అంటే ఒప్పుకుంటరా అని అడుగు. ల్యాబ్‌లల్ల షిఫ్ట్‌లు ఉంటయి, అడగక చాలామంది నష్టపోతరు. ఒప్పుకుంటే నిశ్చింతగ తిరుగు, నాచారం కాబట్టి నడుస్తది. ఒప్పుకోకుంటే సోమవారం పోయి గురువారం వచ్చుడు, నడుమ మూడు రాత్రులు ఎవరైనా తోటి అమ్మాయితో రూం పంచుకునుడు చూడు. అమ్మ దగ్గరికి వారంలో నాలుగు రాత్రులు వచ్చినట్టు అయితది. అమ్మకు చెప్పేటప్పుడు ఇంకోటి గుర్తుపెట్టుకో: పొద్దున ఐదుకు లేచి, రాత్రి తొమ్మిది దాటి ఇల్లు చేరే బిడ్డ అదే ఇంట్లో ఉన్నా, మాట్లాడే టైం అరగంట కూడా దొరకదు.

పాస్ మాత్రం మొదటి రోజే తీసుకోకు. ఒక వారం సింగిల్ టికెట్ల మీద తిరుగు. ఆ టికెట్ తీసుకున్న మూడు గంటల లోపో, ఆ దిక్కు పోయే మొదటి బండికో ఎక్కాలె అనే నియమం ఉంది, పొద్దున్నే తీసిపెట్టుకొని సాయంత్రం ఎక్కితే పట్టుకుంటరు. యాప్‌లో తీస్తే స్టేషన్ బయటనే తీసుకో, పట్టాల దగ్గర నిలబడి తీస్తే తీయనీయదు.

చార్జింగ్ పాయింట్ ఉంటదా అని కూడా అడిగినవ్. జనరల్ డబ్బాలల్ల కొన్నింట్ల ఉంటది, ఉన్నదాంట్ల కూడా ఆరేడు ఫోన్లు ముందే పెట్టి ఉంటయి. పవర్‌బ్యాంక్ కొనుక్కో. రాత్రి కాజీపేటలో దిగినంక ఆటోలు దొరుకుతయి గానీ, బండి లేటై పది దాటితే రేటు రెట్టింపు అడుగుతరు. స్టేషన్ స్టాండ్‌లో స్కూటీ పెట్టుకొనుడే మంచిది, నెల చీటీ కట్టొచ్చు.